చిటారు కొమ్మలోనే ప్రాణం

*డిసెంబరులో కొని, సంక్రాంతి దాటగానే పారేస్తున్న క్రిస్మస్ చెట్టు మన ఇళ్లలో ఎందుకు నిలవడం లేదు?*

డిసెంబరు మొదటి వారం, తెల్లవారుజాము. కడియపులంక దగ్గర జాతీయ రహదారి పక్కన లారీలు ఆగి ఉన్నాయి. మంచు ఇంకా విడలేదు. నల్ల కవర్లలోని మట్టి తడికి బరువెక్కింది. నర్సరీ కూలీలు ఒక చేత్తో మొక్క మొదలు పట్టుకుని, రెండో చేత్తో కవరు అడుగును మోస్తూ లారీ ఎక్కిస్తున్నారు. మందారమో నందివర్ధనమో అయితే పక్కపక్కన కుక్కి పెడతారు. ఈ మొక్క దగ్గరికి వచ్చేసరికి చేతులు నెమ్మదిస్తాయి. గొడుగు మీద గొడుగు పేర్చినట్టు అంతస్తులుగా విచ్చుకున్న కొమ్మలను పైకి దగ్గరగా తీసి, పురికొసతో వదులుగా చుట్టి, తల విరగకుండా నిలబెడతారు. దీని అసలు పేరు అరౌకేరియా, నర్సరీ వాళ్ల నోట అరకేరియా. కొనేవాళ్ల నోట క్రిస్మస్ చెట్టు. ఒకటి రెండు రోజుల్లో అది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మొక్కల దుకాణం ముందు నిలబడుతుంది.

అదే మొక్కను సంక్రాంతి వెళ్లాక చూడాలి. అపార్ట్‌మెంట్ గేటు పక్కన, ముగ్గుల రంగులు ఇంకా చెరగని చోట, చెత్త బండి కోసం ఎదురుచూస్తూ ఒరిగి ఉంటుంది. కింది రెండు వరసల కొమ్మలు గోధుమ రంగుకు తిరిగి వేలాడుతుంటాయి. మెరుపు కాగితపు పోగు ఒకటి ఎక్కడో చిక్కుకుని మెరుస్తుంటుంది. చాలాసార్లు తల విరిగి ఉంటుంది. దాన్ని కొన్న ఇల్లాలు నీళ్లు పోయలేదని కాదు. రోజూ పోసింది. పిల్లలు దాన్ని ప్రేమించలేదని కాదు. ప్రతి కొమ్మకూ ఏదో ఒకటి కట్టారు.

‘ఈ చెట్టు మన దగ్గర బతకదు, చలి దేశాలది’ అన్న మాట ప్రతి జనవరిలోనూ వినిపిస్తుంది. ఆ మాట సగమే నిజం. మన ఎండ కన్నా మన అలవాట్లే దీన్ని ఎక్కువగా చంపుతున్నాయి. తెలుగువాళ్ల పెరటి జ్ఞానమంతా పోయిందాన్ని మళ్లీ ఇచ్చే మొక్కల దగ్గర నేర్చుకున్నది. మల్లెకు ఆకు దూసి కొమ్మలు కత్తిరిస్తే మొగ్గ విరివిగా వస్తుంది. తులసి కొసలు గిల్లితే గుబురవుతుంది. మునగను మోకాలెత్తుకు నరికినా ఏడాది తిరిగేసరికి కాయలిస్తుంది. కరివేపాకు ఎంత విరిస్తే అంత చిగురిస్తుంది. ఆ చేతులతోనే అరౌకేరియాను పెంచబోతే ఓడిపోతాం. ఎందుకంటే పోయిన కొమ్మను ఇది మళ్లీ ఇవ్వదు.

తెరచాప స్తంభాల మీద కన్ను

పైన్ అని పిలిచినా ఇది అసలు పైన్ కాదు. అరౌకేరియా అన్నది వేరే కుటుంబం. ఆ పేరు దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు అరౌకో ప్రాంతం నుంచి వచ్చింది. మన నర్సరీలకు చేరిన రకం పుట్టిల్లు మాత్రం పసిఫిక్ సముద్రంలోని నార్ఫోక్ ద్వీపం. ఆస్ట్రేలియాకు తూర్పున, న్యూజీలాండ్‌కు వాయవ్యంగా, సుమారు 35 చదరపు కిలోమీటర్ల నేల అది. 1774 అక్టోబరులో కెప్టెన్ జేమ్స్ కుక్ ఓడ అక్కడికి చేరినప్పుడు ఒడ్డున నిటారుగా నిలిచిన ఈ చెట్లే ఆయన కంటపడ్డాయి. తెరచాప ఓడల కాలం. నౌకాదళానికి నిలువెత్తు స్తంభాలు కావాలి. 1788లో సిడ్నీలో బ్రిటిష్ వలస మొదలైన కొద్ది వారాలకే ఒక చిన్న బృందాన్ని ఈ ద్వీపానికి పంపడానికి ఇక్కడి కలప, అవిసెలాంటి నారమొక్క ముఖ్య కారణాలు. తీరా నరికి చూస్తే ఆ కొయ్య స్తంభాలకు పనికిరాలేదు. చూడ్డానికి నిటారుగా ఉన్నా గాలి ఒత్తిడికి తట్టుకునే సాగుదల దానిలో లేదు.

ఆ తర్వాత ద్వీపం ఖైదీల శిబిరమైంది. 1856లో బౌంటీ ఓడ తిరుగుబాటుదార్ల సంతతి పిట్‌కెయిర్న్ ద్వీపం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. వాళ్ల వారసులు 1980లో తమ జెండా మధ్యలో ఈ చెట్టునే నిలుపుకున్నారు. ప్రపంచమంతటా ఇళ్లలో, హోటళ్లలో, చర్చి ఆవరణల్లో పెరుగుతున్న ఈ చెట్టు సొంత ద్వీపంలో మాత్రం అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి లెక్క ప్రకారం ముప్పు ముంగిట ఉన్న జాతి. మన ఇంట్లో కుండీలో ఉన్నది ఆ ద్వీపపు బిడ్డే అన్న ఎరుక కొనేవాళ్లకు ఉంటే, దాన్ని చెత్త బండికి ఎక్కించే చేయి ఒక్క క్షణమైనా ఆగుతుందేమో.

ఈ కుటుంబం మనకు మరీ పరాయిదని కూడా అనలేం. జురాసిక్ యుగంలోనూ ఆ తర్వాతా అరౌకేరియా బంధువులు భూమి మీద విస్తారంగా ఉండేవి. ప్రాణహిత–గోదావరి లోయలోని రాళ్లలో ఆ చెట్ల ఆనవాళ్లు శిలాజాలై దొరికాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ డైనోసార్ ఎముకలు కూడా ఆ లోయవే. కోట్ల ఏళ్ల కిందట గోదావరి పొడుగునా ఉండి మాయమైన వంశం, ఇవాళ అదే గోదావరి ఒడ్డున కడియం నర్సరీల మట్టిలో, నల్ల కవర్లలో మళ్లీ నిలబడుతోంది.

ఎదిగే కొస ఒక్కటే

అరౌకేరియా శరీరంలో రెండు రకాల కొసలున్నాయి. నడిమి కాండం కొస ఆకాశం వైపే పోతుంది. పక్క కొమ్మల కొసలు అడ్డంగానే పోతాయి. పక్క కొమ్మను కత్తిరించి నాటితే అది వేరు పట్టవచ్చు, ఏళ్ల తరబడి బతకవచ్చు. కానీ అడ్డంగా, నేలబారుగానే పెరుగుతుంది. తాను ఒకప్పుడు పక్క కొమ్మనన్న సంగతి మరిచిపోదు. అందుకే విత్తనం నుంచో, నడిమి కొస నుంచో వచ్చిన మొక్కే చెట్టవుతుంది. విత్తనం కూడా ఎక్కువ కాలం నిల్వ ఉండదు. నడుమెత్తు మొక్క వెనుక నర్సరీలో కొన్నేళ్ల నీడ, నీరు, కూలీల చాకిరీ ఉన్నాయి.

మరి నడిమి కొస విరిగితే? చెట్టు చచ్చిపోదు. కాండంలో దాగిన మొగ్గలు మేల్కొంటాయి. అయితే తరచూ ఒకటికి రెండు మూడు తలలు లేస్తాయి. ఏ రూపం చూసి ఈ మొక్కను కొన్నామో ఆ గోపురం పోతుంది. కింది వరస కొమ్మల సంగతి ఇంకా కఠినం. చీకటిలోనో పొడి గాలిలోనో ఒక అంతస్తు ఎండిపోతే అక్కడ కొత్త కొమ్మ రాదు. చిగురించాల్సింది పైనే, రాలేది కిందే. రెండు మూడేళ్ల నిర్లక్ష్యం తర్వాత ఉత్త కర్ర మీద చిన్న గొడుగు పెట్టినట్టు మిగులుతుంది. దాన్ని కత్తిరించి గుబురు చేద్దామనుకుంటే మల్లె తర్కం ఇక్కడ పారదు.

మన పండగ అలంకరణలో పెద్ద తప్పు సరిగ్గా ఇక్కడే జరుగుతోంది. క్రిస్మస్ చెట్టుకు నక్షత్రాన్ని ఎక్కడ కడతాం? చిటారు కొమ్మకు. యూరప్‌లో ఆ ఆచారం పుట్టింది కోసి తెచ్చిన ఫర్, స్ప్రూస్ చెట్ల మీద. వాటికి ఇక ఎదుగుదల లేదు, కొసతో పని లేదు. మన దగ్గరిది వేళ్లున్న, ఇంకా ఎదగాల్సిన మొక్క. అట్ట నక్షత్రం బరువుకు లేత కొస వంగుతుంది, తీసేటప్పుడు విరుగుతుంది. ఆ మొక్కలో ఎన్నటికీ ముట్టుకోకూడని ఒక్క చోటును వెతికి మరీ అక్కడే బరువు కడుతున్నాం.

▪ పెట్టె: ఒకే వైపు ఒరిగే అన్న

క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్ముడయ్యేవన్నీ నార్ఫోక్ రకం కావు. న్యూ కలెడోనియాకు చెందిన కుక్ పైన్ కూడా మన దేశంలో చాలాచోట్ల కనిపిస్తుంది. నార్ఫోక్ రకం వెడల్పాటి గోపురంలా ఉంటే, ఇది పొట్టి కొమ్మలతో స్తంభంలా పోతుంది. దీనికో వింత గుణం ఉంది. 2017లో ‘ఎకాలజీ’ పత్రికలో వచ్చిన అధ్యయనంలో ఐదు ఖండాల్లోని 256 కుక్ పైన్‌లను కొలిచారు. అవి సగటున ఎనిమిదిన్నర డిగ్రీల మేర భూమధ్యరేఖ వైపు ఒరిగి ఉన్నాయి. ఉత్తరార్ధగోళంలోవి దక్షిణానికి, దక్షిణార్ధగోళంలోవి ఉత్తరానికి. కాబట్టి మన ఊళ్లో పెద్ద క్రిస్మస్ చెట్టు దక్షిణానికి వాలి ఉంటే అది నార్ఫోక్‌ది కాక కుక్ పైన్ అయ్యే అవకాశం ఎక్కువ.

ఎండదా తప్పు, ఏసీదా?

మొదటి అభ్యంతరం వాతావరణం గురించి. నార్ఫోక్‌లో వేసవి పగళ్లు 25 డిగ్రీల దగ్గర, చలికాలపు పగళ్లు 18 డిగ్రీల దగ్గర ఉంటాయి. మన మే నెల 40 దాటుతుంది. అలాంటప్పుడు ఇది ఎలా బతుకుతుందన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ ఇదే చెట్టు దక్షిణ ఫ్లోరిడా ఉక్కపోతలో వీధుల వెంట పెరుగుతోంది. బెంగళూరు లాల్‌బాగ్‌లో అరౌకేరియాలు మేడలను మించి నిలిచాయి. దీనికి చేటు చేసేది ఒట్టి వేడిమి కాదు, పొడిబారిన వేడి. అందుకే కోస్తా వేసవిని ఇది తట్టుకునే తీరు వేరు, తెలంగాణ వడగాలిని తట్టుకునే తీరు వేరు. కరీంనగర్‌లోనో నిజామాబాద్‌లోనో డాబా మీద కుండీ పెట్టేవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో గ్రీన్ నెట్ కిందికి, తూర్పు ఎండ మాత్రమే తగిలే చోటికి మార్చక తప్పదు. కాకినాడ వాళ్లకు అంత భయం లేదు.

పొడి గాలి అనగానే గుర్తు రావాల్సింది ఏసీ గది. నర్సరీలో నీడవల కింద, తడి గాలిలో పెరిగిన మొక్కను తెచ్చి, కిటికీ తెరలు వేసిన హాల్లో, ఏసీ ఎదురుగా నెల రోజులు నిలబెడతాం. వెలుతురు చాలక కొత్త కొమ్మలు సన్నగా సాగి వాలిపోతాయి. గాలి పొడికి కింది వరస ఎండుతుంది. అది చూసి ఇంకాస్త నీళ్లు పోస్తాం. అడుగున చిల్లు లేని పింగాణీ కుండీలోనో, పళ్లెంలో నిలిచిన నీటిలోనో వేళ్లు కుళ్లుతాయి. ఎండుతోందని పోసిన నీరే ముంచుతుంది. వేలు ఒక కణుపు లోతుకు గుచ్చి చూసి, మట్టి పొడిగా తగిలితేనే నీళ్లు పోయాలి. పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయాలి. నల్లరేగడి ఒక్కటే వేస్తే నీరు దిగదు. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన ఎరువు కలిపితే చాలు. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పితే వెలుతురు వైపే మొగ్గకుండా నిటారుగా వస్తుంది. పండగకు ఇంట్లోకి తెచ్చినా పది రోజులు మించి ఉంచకపోవడం మంచిది. మళ్లీ బయట పెట్టేటప్పుడు కూడా ఒక్కసారిగా మండుటెండలోకి నెట్టకుండా, కొన్నాళ్లు నీడలో ఆపి అలవాటు చేయాలి. ఆకుల మధ్య సాలెగూడులాంటి సన్నని పోగులు కనిపిస్తే ఎర్రనల్లి వచ్చినట్టు, దూది అంటినట్టుంటే పిండినల్లి చేరినట్టు. రెండింటికీ మూలం చాలాసార్లు గాలి ఆడని గదే.

అలంకరణే వద్దని ఎవరూ అనరు. చిన్న ఎల్‌ఈడీ దీపాల తీగను కొమ్మల మీద తేలికగా ఆనిస్తే నష్టం లేదు. తీగను బిగించి కట్టడం, రంగు చల్లడం, గాజు గోళాల బరువు వేలాడదీయడం, ఇవి మాత్రం మొక్కకు గాయాలే.

▪ పెట్టె: కొనేముందు ఒక్క నిమిషం

మొక్కను ఎదురుగా నిలబడి కాక, పైనుంచి వంగి చూడండి. కొమ్మలు చక్రంలో ఆకుల్లా అన్ని వైపులకూ సమంగా విచ్చుకోవాలి. మధ్యలో నిటారు కొస ఒక్కటే ఉండాలి. ఒక పక్కకే విసనకర్రలా పరుచుకుని ఉంటే అది పక్క కొమ్మ నుంచి కట్టిన మొక్క కావచ్చు. కింది వరస పచ్చగా ఉందా, కవరు అడుగున వేళ్లు మెలికలు తిరిగి బయటికి వచ్చాయా అన్నదీ చూడాలి. ఎత్తు ఎక్కువున్న మొక్క కన్నా, పొట్టిగా ఉన్నా వరసలన్నీ నిండుగా ఉన్నదే మేలు.

పండగ సామాను కదా, పోతే పోనీ

రెండో అభ్యంతరం మరింత గట్టిది. పండగకు బంతిపూలు కొంటాం, మామిడి తోరణాలు కడతాం, అవి వాడిపోతే పారేస్తాం. దీన్నీ అలాగే అనుకుంటే తప్పేమిటి? తప్పు ఉంది. బంతి ఒక్క రుతువులో తన బతుకంతా బతికేస్తుంది. మామిడి రొబ్బలు విరిచినా చెట్టు చెట్టుగానే ఉంటుంది. అరౌకేరియా విషయంలో మనం పారేస్తున్నది వంద ఏళ్లు దాటి బతకగల చెట్టు బాల్యాన్ని. యూరప్, అమెరికాల్లో కోసి అమ్మే చెట్లను ఆ పనికే పంటగా పెంచుతారు, కోతతో వాటి కథ ముగుస్తుంది. మనకు అమ్ముతున్నది వేళ్లతో సహా. వేళ్లతో కొన్నవాడికి బాధ్యత కూడా వేళ్లతోనే వస్తుంది.

అంత బరువు మాకొద్దు, ప్లాస్టిక్ చెట్టు కొంటాం అనేవాళ్ల మాటా కాదనలేం. దాచుకుని ఏటేటా అదే వాడితే అది మంచి దారే. రెండు మీటర్ల కృత్రిమ చెట్టు తయారీకి సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన ఉద్గారాలు ఉంటాయని బ్రిటన్‌లోని కార్బన్ ట్రస్ట్ లెక్కగట్టింది. కనీసం పదేళ్లు వాడితే తప్ప ఆ భారం తీరదు. మూడేళ్లకే రేకులు ఊడి అటకెక్కే చవక చెట్టుతో ఆ లెక్క కుదరదు. కోస్తాలో సరుగుడు కొమ్మ తెచ్చి దీపాలు కట్టుకునే పాత పద్ధతి ఉంది. సరుగుడు చూపుకు సూదుల చెట్టులా ఉన్నా అది పూలు పూసే జాతి, కలప కోసం తోటలుగా వేసేది. నేల లేని ఇంటికి, మొక్కకు చోటివ్వలేని ఇంటికి ఆ కొమ్మ ఎంతో మర్యాదైన పరిష్కారం.

మనది కాని చెట్టెందుకు?

స్థానిక వృక్షాలను ప్రేమించేవాళ్ల ప్రశ్న ఇది. వేప, కానుగ, పొగడ ఉండగా పసిఫిక్ చెట్టు ఎందుకు? తెలుగు నేల సహజ అడవుల్లో ఇలాంటి శంకుధారి వృక్షాలు లేవు. అరకు దగ్గరి పైన్ తోటలు మనిషి నాటినవే. మనకున్న పాత వంశం వేరేది. శేషాచలం కొండల్లో పెరిగే పేరిత అనే సైకస్ ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించదు. దాని అంతర్జాతీయ వ్యాపారం మీద కట్టుదిట్టమైన నిషేధం ఉంది. పాత కాలపు చెట్ల మీద నిజంగా మక్కువ ఉన్నవాళ్లు ముందు దాని గురించి తెలుసుకోవాలి, కొండ మీద దాన్ని బతకనివ్వాలి. ఈ అభ్యంతరంలో ఉన్న న్యాయాన్ని ఒప్పుకోవాల్సిందే. వీధి పొడుగునా, రోడ్డు మధ్యన అరౌకేరియాలు నాటడం తగని పని. నీడ తక్కువ, మన పక్షులకూ తేనెటీగలకూ ఇచ్చేది తక్కువ. వేప చేసే పని ఇది చేయదు. ఒక ఆవరణకు ఒకటి అన్నంతవరకే దీనికి చోటు.

ఆ ఒక్కదాన్ని నాటేటప్పుడు కూడా దాని భవిష్యత్తు ఎత్తును కళ్లతో ఊహించుకోవాలి. పుట్టింట 50 మీటర్లు దాటగల చెట్టిది. మన దగ్గర అంత పోకపోయినా నాలుగైదు అంతస్తుల మేడను మించుతుంది. కరెంటు తీగల కింద, ప్రహరీ గోడకు ఆనించి నాటినవాళ్లు పదేళ్ల తర్వాత తల నరికించాల్సి వస్తుంది. అంటే ప్రాణమున్న చోటే నరకడం. ఉప్పుగాలికి ఇది చలించదు కాబట్టి తీర పట్టణాలకు అనువైనదన్న పేరుంది. నిజమే, కానీ ఉప్పుగాలిని తట్టుకోవడం వేరు, తుపానును తట్టుకోవడం వేరు. హరికేన్‌ల తర్వాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయం చేసిన పరిశీలనలో నార్ఫోక్ పైన్ గాలికి నిలవలేని చెట్ల జాబితాలో చేరింది. 2014లో హుద్‌హుద్ చూసిన విశాఖ తీరంలో దీన్ని ఇంటి పక్కన కాక ఖాళీ మైదానంలో నాటుకోవడమే వివేకం.

కుండీలో ఉంచితే ఎదుగుదల నెమ్మదిస్తుంది. రెండు మూడేళ్లకోసారి కొంచెం పెద్ద కుండీలోకి మార్చుకుంటూ పోతే చాలా ఏళ్లు ఇంటి మనిషిలా ఉంటుంది. ఏదో ఒక రోజు పైకప్పును తాకుతుంది. ఆ రోజు ఎక్కడికి పంపాలన్నది కొన్న రోజే తేల్చుకోవాలి. ప్రతి అపార్ట్‌మెంట్ సంఘం, ప్రతి చర్చి, ప్రతి పాఠశాల ఆవరణలో ఒక మూల ఒక అరౌకేరియాను నేలలో పాతుకుని, ఏటేటా నిలబడిన చోటే దానికి దీపాలు పెట్టుకుంటే ఇంటింటికీ ఒకటి కొని పారేసే అవసరమే ఉండదు. పంచుకున్న చెట్టు చుట్టూ పండగ కూడా పంచుకున్నట్టే ఉంటుంది. పురపాలక సంస్థలు జనవరిలో ఒక వారం పాటు ఇలాంటి కుండీలను పార్కుల దగ్గర తీసుకోవచ్చు. నర్సరీలు చేయాల్సింది ఇంకా చిన్న పని. ఎన్ని అడుగులు పెరుగుతుంది, కొస తుంచకూడదు అన్న రెండు ముక్కలు తెలుగులో రాసిన అట్టముక్కను కవరుకు కట్టి అమ్మాలి. ఫ్యాన్ కొన్నా పక్కన వాడే విధానం కాగితం ఇస్తారు. ప్రాణమున్న దానికి ఇవ్వకపోవడం ఏం న్యాయం?

ఈ డిసెంబరులో ఈ మొక్కను ఇంటికి తెచ్చుకునేవాళ్లకు ఒక విన్నపం. మన పల్లెల్లో క్రిస్మస్ నక్షత్రాన్ని వెదురు బద్దలతో, రంగు కాగితంతో చేసి ఇంటి ముందు చూరుకు కట్టేవాళ్లు. వీధి చివరికి కనిపించేది. మీరూ నక్షత్రాన్ని గుమ్మానికే కట్టండి. చిటారు కొమ్మను వదిలేయండి.